డాంపర్ మేడమ్

మేడమ్ పోయిందట. మొన్న పొద్దున చైతన్యపురి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఒకప్పుడు ఆవిడ దగ్గర నా తర్వాత చేరి మట్టిపని నేర్చుకున్న పిల్ల. ఇప్పటికీ నన్ను అక్కా అనే పిలుస్తుంది.

"అక్కా, మేడమ్ యాదిల చిన్న పుస్తకం ఏస్తున్నం. ఆమె దగ్గర అందరికన్న ఎక్కువ దినాలు ఉన్నది నువ్వే గద. నాలుగు మంచి ముచ్చట్లు రాసియ్యరాదు?" అంది. ఫోన్ పెట్టేసే ముందు, "అట్ట మీద ఆ ఎర్ర గిన్నె ఫొటో పెడుతున్నం" అని కూడా చెప్పింది.

ఎర్ర గిన్నె అనగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గిన్నె నాది. నా చేత్తో చేసింది, నేను కాల్చింది. దాని మీద ఆవిడ పేరు పడి ఇన్నేళ్లయింది, ఇప్పుడు ఆవిడ పోయాక పుస్తకం అట్ట మీద కూడా ఆ పేరుతోనే కూర్చోబోతోంది. మంచి ముచ్చట్లు రాద్దామని నిజంగానే కూర్చున్నాను. ఒక్కటీ రాలేదు. వచ్చినవి ఇవి. వీటిని వాళ్లకి పంపను. పంపినా వేయరు.

ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక కాలనీలో ఆవిడ ఇల్లు. పెరట్లో రేకుల షెడ్డు, అందులో గ్యాస్ బట్టీ. పెద్ద ఫ్రిజ్ అంత ఇనప డబ్బా, లోపల తెల్ల ఇటుక, అడుగున రెండు బర్నర్లు, పైన పొగగొట్టం. పొగగొట్టంలో అడ్డంగా ఒక చీలిక ఉంటుంది. అందులోకి జరిగే పలకనే డాంపర్ అంటారు. దాన్ని బయటికి లాగితే బట్టీలో గాలి బాగా ఆడి మంట శుభ్రంగా మండుతుంది. లోపలికి తోస్తే గాలి తగ్గుతుంది, మంటకి ఊపిరాడదు. ఊపిరాడని మంట ఊరుకోదు, గిన్నెలకి పూసిన పూతలోంచి కూడా ఊపిరి లాక్కుంటుంది. రాగి కలిపిన పూతయితే గాలి ఆడిన బట్టీలో పచ్చగా వస్తుంది, గాలి ఆడని బట్టీలో ఎర్రగా వస్తుంది. అదే గిన్నె, అదే పూత. తేడా అంతా ఆ పలకని ఎప్పుడు, ఎంత తోశామన్నదే.

ఆ ఎరుపు ఆవిడకి ఎప్పుడూ రాలేదు. నేను చేరేనాటికే ఏళ్ల తరబడి ప్రయత్నిస్తోంది. పచ్చగా వచ్చేవి, లేదంటే మేక కార్జం రంగులో మచ్చలు మచ్చలుగా వచ్చేవి. బట్టీ తలుపు తెరిచినప్పుడల్లా ఒక్క క్షణం మొహం మాడిపోయేది. వెంటనే, "పచ్చే బాగుంటుంది, ఎరుపు మరీ నాటుగా ఉంటుంది" అనేది.

పిల్లలం చాటుగా ఆవిణ్ణి డాంపర్ మేడమ్ అనేవాళ్లం. బట్టీ గురించి తరచూ చెప్పే మాట ఒకటుంది ఆవిడకి. "ఊపిరాడకుండా చెయ్యాలి, చంపకూడదు. అప్పుడే రంగొస్తుంది." మనుషుల దగ్గరా అదే పద్ధతి. కొత్తగా చేరిన పిల్లని మొదటి వారం నెత్తిన పెట్టుకునేది, రెండో వారం నుంచి పలకరింపు తగ్గించేది. ఏం తప్పు చేశామో తెలియక ఆ పిల్ల ఏడుపు మొహంతో రెట్టింపు చాకిరీ చేసేది. మానేద్దామనుకునే సమయానికి ఒక్క మంచి మాట, ఒక కప్పు బూస్టు. మళ్లీ కొన్నాళ్లు. మేం ఎవరం చావలేదు, ఎవరికీ పూర్తిగా ఊపిరీ ఆడలేదు.

ఇంకో సంగతి. ఎవరి మాటా నమ్మేది కాదు. ఊరికే అనుమానపడటం కాదు ఇది. అడిగి, జవాబు విని, సరిగ్గా దానికి తిరగేసి చేసేది. "బయట వాన పడుతోందా?" అంటే "పడుతోంది మేడమ్" అనేవాళ్లం. గొడుగు లేకుండా గేటు దాటేది. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఆటో ఎక్కి, "మలక్‌పేట వైపు రద్దీగా ఉందా?" అని అడిగేది. "ఫుల్ జామ్ ఉంది మేడమ్, మూసారాంబాగ్ దిక్కు నుంచి పోదాం" అని అతనంటే, "మలక్‌పేట మీంచే పోనీ" అనేది. ఆ జామ్‌లో చెమటలు కక్కుతూ కూర్చుని, "వాడు చెప్పిన దారిన పోయుంటే ఇంకా ఆలస్యమయ్యేది చూడు" అని నాకు పాఠం చెప్పేది.

బట్టీ దగ్గరా ఇదే తంతు. లోపల కోన్ అని సన్నటి మట్టి కడ్డీ నిలబెడతాం. చాలినంత వేడి అందితే అది తల వంచుతుంది. పక్కనున్న చిన్న కంతలోంచి చూసి తెలుసుకోవాలి. "కోన్ వంగిందా చూడు" అనేది. నల్ల కళ్లజోడు పెట్టుకుని చూసి, "వంగింది మేడమ్" అనేదాన్ని. "అయితే ఇంకా వంగలేదన్నమాట" అని గ్యాస్ పెంచేది. కాసేపటికి తనే వచ్చి చూసేసరికి కోన్ కాస్తా పూర్తిగా వాలిపోయి ఉండేది. "ముందే చెప్పొద్దూ?" అని నా మీద విరుచుకుపడేది. కోన్ గురించి కూడా ఆవిడకో మాట ఉంది. "వంగిందంటే పనికొచ్చిందని. మనుషులూ అంతే."

వేడి చూపించే మీటరు మీద తువ్వాలు కప్పి ఉంచేది. అదీ అబద్ధాలాడుతుందట.

కానీ ఆవిడ ముక్కు గొప్పది, అది నేను కాదనలేను. షెడ్డు గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, "లోపల గాలి ఎక్కువైంది" అంటే ఎక్కువైనట్టే. కంతలోంచి బయటికి వచ్చే మంట నాలుకని చూసి, దాని పొడుగుని బట్టి, రంగుని బట్టి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేది. బర్నర్ చప్పుడు విని గ్యాస్ తగ్గుతోందని చెప్పేది. ఇవన్నీ నాకు నేర్పింది కూడా ఆవిడే. ఇవాళ నా షెడ్డులో నేనూ గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీలుస్తాను. అప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

నేను చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. మాది నల్లగొండ దగ్గర ఊరు. మా నాయిన సిటీ బస్సులో కండక్టర్‌గా చేరి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో సంసారం పెట్టాడు. మా ఇంట్లో తలుపు పెడతాం, ఫ్యాను వేస్తాం. మేడమ్ వాళ్లది గుంటూరు దగ్గర. వాళ్లు తలుపు కూడా వేస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక కొంప మునిగింది. నన్ను మొదటిసారి బట్టీ దగ్గర నిలబెట్టి లోపలికి వెళ్లిన ఆవిడ, వంటింట్లోంచి "డాంపర్ వెయ్యమ్మాయ్!" అని కేకేసింది. ఫ్యాను వేయమన్నట్టు గాలి ఆడేలా చేయమంటోందనుకుని పలకని పూర్తిగా బయటికి లాగేశాను. ఆ దఫా గిన్నెలన్నీ పచ్చగడ్డి రంగులో వచ్చాయి.

"డాంపర్ వెయ్యమంటే తీశావేంటి?"

"మూసేయమన్నరనుకోలేదు మేడమ్. మా ఇంట్ల పెట్టు అంటం."

"పెట్టడం కాదమ్మా, వెయ్యడం. పెట్టేది అన్నం."

అక్కడితో అయిపోయి ఉంటే నేనూ నవ్వి మరిచిపోయేదాన్ని. ఆవిడ మరిచిపోనివ్వలేదు. షెడ్డుకి ఎవరొచ్చినా ఆ కథ చెప్పేది, నా గొంతు పెట్టి చెప్పేది. "మా అమ్మాయి డాంపర్ పెడుతుందండీ!" వచ్చినవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. నేను మట్టి పిసుకుతూ తల వంచుకునేదాన్ని. తల వంచితే ఆవిడకి తృప్తి.

ఇక ఉద్యమం రోజులు. ఎప్పుడు ఏ రోడ్డు బందవుతుందో తెలిసేది కాదు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద కోచింగ్ పిల్లల ఊరేగింపులు, ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోలు. బస్సులవాళ్లు సమ్మెలోకి దిగారు, మా నాయిన కూడా. షెడ్డులో మేం అటువాళ్లం, ఇటువాళ్లం కలిసే పనిచేసేవాళ్లం కాబట్టి ఆ మాట ఎత్తేవాళ్లం కాదు. మేడమ్ మాత్రం ఎత్తేది. పేపరు మడిచి నా ముందు పడేసి, "మాకు పొగబెడుతున్నారుగా మీరంతా" అనేది. పొగబెట్టడమంటే మనిషిని ఉన్నచోట ఉండనివ్వకుండా వెళ్లగొట్టడమని మీకు తెలుసు. బట్టీలో గాలి తగ్గించడాన్ని కూడా మేం పొగబెట్టడమనే అనేవాళ్లం. "మేం పొగబెట్టేది బట్టీకే మేడమ్" అనేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు.

గొడవలు ముదిరాక ఆవిడ గుంటూరులో అక్క ఇంటికి వెళ్లింది. వెళ్తూ షెడ్డు తాళం నా చేతిలో పెట్టి, "నేనొచ్చేసరికి ఆ అరలో గిన్నెలు కాల్చి ఉంచు. కొత్తవేవీ చెయ్యకు" అంది. ఆవిడ లేని బట్టీ నాకు దొరకడం అదే మొదటిసారి. ఆవిడ గిన్నెలతోపాటు నేను చేసుకున్నవీ పెట్టాను. రాగి పూత నేనే కలిపి పూశాను.

పొద్దున్నే వెలిగించాను. మామూలుగా రెండు సిలిండర్లు జత కలిపి వాడతాం. బందుల వల్ల గ్యాస్ బండి రాక ఒక్కటే మిగిలింది. ఒక్క సిలిండర్‌లోంచి అంత గ్యాస్ వేగంగా లాగితే అది చల్లబడిపోతుంది, గ్యాస్ రాదు. మధ్యాహ్నానికి సిలిండర్ పొట్ట మీద మంచు పట్టింది. బర్నర్ చప్పుడు మూలుగులోకి దిగింది. బట్టీ లోపల ఇంకా ఎర్రగానే ఉంది, నారింజ రంగుకి తిరగలేదు, గిన్నెల మీద పూత ఇంకా పొడిగానే ఉంది, కరగలేదు. మీటరు మీద తువ్వాలు తీసి చూస్తే ముల్లు కదలడం లేదు. ఉన్న వేడైనా బయటికి పోకూడదని భయపడి డాంపర్ లోపలికి తోసేశాను. అంత ముందుగా ఎవరూ తోయరు. మేడమ్ ఎప్పుడూ ఆఖర్న, పూత కరిగి మెరిసేటప్పుడే తోసేది. రంగు ఆఖర్నే పడుతుందని ఆవిడ నమ్మకం.

సిలిండర్‌ని గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే మళ్లీ గ్యాస్ వస్తుంది. మేడమ్ ఇంటికి తాళం, షెడ్డులో స్టవ్ లేదు, కరెంటూ లేదు. చౌరస్తాలో ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, గుండిగల్లో అన్నం వండుకుని అక్కడే తింటున్నారు. రెండు బిందెలు పట్టుకుని పరుగెత్తాను. మా నాయిన ఒక పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తున్నాడు.

"ఏంది బిడ్డా, గిట్లొచ్చినవ్?"

"నాయినా, జర ఏడినీళ్లు గావాలె. సిలిండర్ సల్లవడ్డది. బట్టి ఆగిపోయెటట్టుంది."

పక్కనున్న డ్రైవర్లు ఘొల్లుమన్నారు. "ఏందన్నా, నీ బిడ్డ సిలిండర్‌కు తానం బోస్తదా?" అన్నాడొకాయన. మా నాయిన నవ్వలేదు. అన్నం కోసం మరుగుతున్న ఎసరులోంచి రెండు బిందెలు నింపి, ఒకటి తనే మోసుకుంటూ నాతో వచ్చాడు. చన్నీళ్లు కలిపి, చెయ్యి పట్టేంత వేడికి తెచ్చి, పెద్ద టబ్బులో పోసి సిలిండర్‌ని అందులో నిలబెట్టాం. కాసేపటికి బర్నర్లు ఒక్కసారిగా రంకె వేశాయి. డాంపర్ తోసే ఉంది. కంతలోంచి మంట నాలుక బారెడు బయటికి వచ్చింది. షెడ్డంతా పొగ. దగ్గుతూనే కొంచెం లాగి, అలాగే పొగలోనే పైదాకా తీసుకెళ్లి, కోన్ వంగాక చివర్లో కాసేపు మాత్రం గాలి ఆడనిచ్చాను. నాయిన గుమ్మంలో నిలబడి, "గింత పొగ బెట్టి ఏం జేస్తున్నవే?" అని అడిగాడు. నాకే తెలియదు, ఏం చెప్తాను.

మేడమ్ వచ్చాక ఆవిడ ఎదుటే తెరిచాను. పై అరలో నా గిన్నె. ఎర్రగా ఉంది. అంచు దగ్గర పలుచగా తెల్లబడి, కిందికి దిగేకొద్దీ చిక్కని ఎరుపు. దాని పక్కన ఆవిడ గిన్నెలు కూడా ఎర్రబడ్డాయి కానీ ఆకారంలో నాది అందంగా ఉంది. ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని వెలుతురుకి తిప్పి తిప్పి చూసింది. నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ కోసమే చెమర్చాయి, అంతకాలం ఎదురుచూసింది కదా అని. ఎంత పిచ్చిదాన్నో.

ఎలా వచ్చిందని అడగలేదు. అడిగితే తనకి తెలియదని ఒప్పుకున్నట్టు అవుతుంది. "నేను చెప్పినట్టే చేశావుగా" అని మాత్రం అంది.

కొన్నాళ్లకి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టింది. నా గిన్నె నడిమధ్యలో, దీపం కింద, నల్ల గుడ్డ మీద. పక్కన చీటీ మీద ఆవిడ పేరు. నేను సమోసాల పళ్లెం పట్టుకుని తిరుగుతున్నాను. ఎవరో పెద్దాయన ఆ గిన్నె ముందు నిలబడి, "ఈ ఎరుపు ఎలా సాధించారమ్మా?" అని అడిగాడు.

"ఇరవయ్యేళ్ల తపస్సండీ" అంది మేడమ్. వెంటనే నన్ను చూసి, "ఇదిగో, ఈ అమ్మాయి మా దగ్గర మట్టి పిసుకుతుంది. డాంపర్ పెడుతుందండీ!" అంది. మళ్లీ నా గొంతు. మళ్లీ నవ్వులు.

ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు, కసి. పళ్లెం ఆవిడ నెత్తి మీద బోర్లించాలనిపించింది. అందరూ వెళ్లాక అడిగేశాను.

"మేడమ్, ఎర్ర గిన్నె నేను చేసింది."

"బట్టీ ఎవరిది? మట్టి ఎవరిది? నీకు పని నేర్పిందెవరు?"

"అన్నీ మీయే మేడమ్. గిన్నె నాది."

"మీవాళ్లందరికీ ఇదే రోగం. మొత్తం ఊరే మాదంటున్నారు, గిన్నెదేముందిలే."

"ఊరి సంగతి ఊరోళ్లు జూసుకుంటరు. గిన్నె మాత్రం నాదే."

ఆ మర్నాటి నుంచి నాకు పొగ మొదలైంది. షెడ్డు తాళం తీసేసుకుంది. బట్టీ దగ్గరికి రానివ్వలేదు. నా గిన్నెలకి అరలో చోటు లేదంది. పెరట్లో ఎండలో కూర్చోబెట్టి మట్టి జల్లించమంది. పలకరింపు ఆపేసింది. ఈసారి బూస్టు కప్పు రాలేదు. ఒకరోజు జల్లెడ అక్కడే వదిలి వచ్చేశాను. "నేను పంపలేదు, తనే పోయింది" అని అందరికీ చెప్పిందట. పొగబెట్టేవాళ్లందరూ చెప్పేది ఇదే.

మా నాయిన వనస్థలిపురంలో తెలిసినవాళ్ల ఖాళీ జాగాలో నాకో రేకుల షెడ్డు వేయించాడు. పాత నూనె డ్రమ్ముకి వెల్డింగ్ చేయించి, లోపల వేడిని ఆపే తెల్లటి ఉన్ని తొడిగి, ఒక్క బర్నర్‌తో బట్టీ చేసుకున్నాను. ఆ రోజు పొరపాటున చేసినదాన్ని కావాలని చేసి చూశాను. పూత కరగకముందే, లోపల ఇంకా ఎర్రగా ఉన్నప్పుడే డాంపర్ తోశాను. ఎరుపు వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది. కిటుకంతా అక్కడే ఉంది. పూత కరిగి గాజులా మూసుకుపోయాక ఎంత పొగ పెట్టినా లోపలి రాగికి తగలదు. ముందే పెట్టాలి.

అప్పుడొచ్చింది ఫోన్. అన్నాళ్లకి మొదటిసారి.

"ఏమ్మా బంగారం, ఎలా ఉన్నావు?" ఆ గొంతులో అంత తేనె నేనెప్పుడూ వినలేదు. ఢిల్లీలో ప్రదర్శనకి ఎర్ర గిన్నెలు పంపుతానని మాటిచ్చిందట. ఎన్నిసార్లు కాల్చినా పచ్చగానే వస్తున్నాయట. "గ్యాస్ బాగుండట్లేదులే. ఊరికే అడుగుతున్నా, ఆ రోజు నువ్వు డాంపర్ ఎప్పుడు వేశావు?"

ఈ ఫోన్ వస్తుందని ఎన్నో రాత్రులు ఊహించుకున్నాను. ఏం అబద్ధం చెప్పాలో కూడా తయారు చేసి పెట్టుకున్నాను. నోరు తెరిచాక మాత్రం ఆటో గుర్తొచ్చింది. వాన గుర్తొచ్చింది. కోన్ గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు, దండగ. నిజం చెప్పాను. పూత కరగకముందే వేయాలని, ఎరుపు నుంచి నారింజకి తిరగకముందే వేయాలని, చివర్లో కాసేపు మాత్రమే గాలి ఇవ్వాలని, ఏదీ దాచకుండా చెప్పాను. మధ్యలో రెండుసార్లు కావాలనే తడబడ్డాను.

అటువైపు ఒక చిన్న నవ్వు. "సరేలే" అని పెట్టేసింది.

ఆఖర్నే వేసింది. అంతకుముందు వేసేదానికన్నా ఇంకా ఆలస్యంగా వేసింది. బట్టీ నిండా పచ్చవే. ఢిల్లీకి ఏమీ వెళ్లలేదు. చైతన్యపురి అమ్మాయి అప్పట్లో ఆవిడ దగ్గరే ఉండేది కాబట్టి నాకు అన్నీ తెలిశాయి. ఆ రోజు నేను పావుకిలో జిలేబీ తెప్పించుకుని ఒక్కదాన్నే తిన్నాను. ఎంత బాగున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

రాష్ట్రం వచ్చింది. మా నాయిన రిటైరయ్యాడు. చైతన్యపురి రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచాయి. నా గిన్నెలకి నా పేరు పడటం మొదలైంది, కానీ ఎవరు కొనడానికొచ్చినా, "ఈ ఎరుపు ఎల్బీనగర్ మేడమ్‌ది కదా, ఆవిడ శిష్యురాలా మీరు?" అనేవాళ్లు. అవుననీ అనక, కాదనీ అనక, పళ్లు నూరుకుని ప్యాకింగ్ చేసేదాన్ని.

ఒక సాయంత్రం షెడ్డు ముందు ఆటో ఆగింది. మేడమ్. చిక్కిపోయింది, చీర కుచ్చిళ్లు నేలకి జీరాడుతున్నాయి. గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చింది. బట్టీ వెలుగుతోంది. "బాగా ఆడట్లేదు గాలి. మంచిది" అంది. లోపలికి వచ్చి చెక్క మీద పేర్చిన ఎర్ర గిన్నెల వరస చూసింది. ఒకదాన్ని తీసి, వేలితో అంచు తడిమి, జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టింది. నేను కుర్చీ వేశాను. మంచినీళ్లు ఇచ్చాను. శత్రువైనా ఇంటికొచ్చిన మనిషి.

చాలాసేపు బట్టీ చప్పుడు వింటూ కూర్చుంది. చివరికి అడిగింది.

"ఆ రోజు ఫోన్లో చెప్పావే... ముందే వెయ్యాలని. అది నిజమేనా?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. అంతకాలం ఆవిడ ప్రశ్న అడిగిన ప్రతిసారీ కళ్లు కొంచెం చిన్నవయ్యేవి, జవాబుని తిరగేయడానికి సిద్ధంగా. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి. ఏం చెబితే అది తీసుకుపోవడానికి వచ్చింది. నిజమని చెబితే ఇంటికెళ్లి ముందే వేస్తుంది. ఎరుపు వస్తుంది. చనిపోయేలోగా ఒక్కసారైనా తన చేత్తో కాల్చిన ఎర్ర గిన్నె చూసుకుంటుంది. ఇది నాకు అప్పుడే తెలుసు. సమోసాల పళ్లెం కూడా గుర్తుంది. నల్ల గుడ్డ మీద నా గిన్నె, చీటీ మీద ఆవిడ పేరు, హాలు నిండా నవ్వులు. వీటిలో ఒక్కదానికి కూడా ఆవిడ అప్పటిదాకా తప్పయిందని ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం కూడా ఆ మాట వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. వస్తే నిజం చెప్పేదాన్నే.

రాలేదు.

"లేదు మేడమ్. అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. అంత సంతోషం నేను ఆవిడ మొహంలో ఎన్నడూ చూడలేదు. "నాకు తెలుసు! ఆ రోజే అనుకున్నాను. ఆఖర్నే వెయ్యాలి కదూ?"

"ఆఖర్నే మేడమ్."

నా చెంప మీద చిన్నగా తట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మొన్న ఫోన్‌లో ఆ అమ్మాయి చెప్పింది, దవాఖానలో చేర్చే ముందు వారం కూడా బట్టీ వెలిగించిందట. ఎవరు ఎంత చెప్పినా వినకుండా, పూత కరిగి మెరిసేదాకా ఆగి, అప్పుడే డాంపర్ వేయించేదట. "అన్నీ పచ్చగనే వచ్చినయక్కా. ఎందుకో ఏమో. మేమెంత చెప్పినా వేరే తీరుగ చేయనియ్యకపోయేది. ఇట్లనే చేయాలె, నాకు ఖాయంగ తెలుసు అనేది" అంది.

ఎందుకో నాకు తెలుసు. ఆవిడ నా మాట నమ్మింది ఆ ఒక్కసారే.